ఒక వస్త్రకళా విద్యార్థిని యాత్రానుభవములు



నేను వస్త్రకళ నభ్యసించుచున్న విద్యార్థినిని. నూలు, పట్టు, నేత, అద్దకము, కుట్టుపని, ఇవియే నా పాఠములు. హైదరాబాదునందలి ఒక కళాశాలలో మూడేండ్లనుండి చదువుచున్నాను. సెలవులకు ఇంటికి పోయినపుడు మా ఊరి పెద్ద యొకరు, "బట్ట నేయుటకును చదువు కావలెనా, అమ్మాయీ?" అని నన్నడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. అపుడు నాకు సమాధానము తోచలేదు. తరువాత జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో తిరిగి నేర్చికొన్న దానినిబట్టి నేడు బదులు చెప్ప యత్నించెదను. నడుమ నేను చేసిన యొక తప్పును కూడ చెప్పవలసి యున్నది. దానిని దాచి యాత్రావిశేషములు మాత్రము చెప్పినచో మీకు ప్రయోజనము లేదు.

మాది పాలకుర్తికి సమీపమున నున్న పల్లె. మా తాత గుంటమగ్గముపై నేసినవాడు. నా చిన్ననాట ఆయన కాళ్లు గుంటలో నుంచి నాడె విసరుచుండగా, మా అవ్వ ప్రక్కన కూర్చుండి రాట్నముపై కండెలు చుట్టుచుండెడిది. మరమగ్గపు బట్ట చౌకగా అంగడికి వచ్చినది. తాత నేసిన చీరలు పెట్టెలోనే మిగిలినవి. తెలంగాణపు నేతవారు పలువురు షోలాపురము, భివండి, సూరతు నగరములకు వలసపోయిన సంగతి మీరెఱిగినదే. మా తండ్రియు భివండికి పోయి మరమగ్గముల యొద్ద పనిలో చేరెను. మగ్గపు గుంటను పూడ్చి, పైన గచ్చు చేయించి, ఇపుడచ్చట బియ్యపు మూటలు పెట్టుకొనుచున్నాము.

పాలకుర్తి యనగానే పాల్కురికి సోమనాథుడు స్మరణకు వచ్చును. బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును ద్విపదలో రచించిన ఆ మహాకవి తన కాలమునాటి వస్త్రముల పేర్లను వరుసగా పేర్కొనియున్నాడు. అందు మణిపట్టు కలదు, శ్రీవన్నియ కలదు, ఇంకను ఎన్నియో కలవు. 13వ శతాబ్ది చివర వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో సయితము మన సీమయందలి బట్టల సన్నదనమును సాలెగూటితో పోల్చెను. ఆ పేర్లు చదివి నేను మా తాత నడిగితిని: "తాతా, శ్రీవన్నియ యనగా నెట్టి బట్ట?" ఆయన కొంతసేపు ఊరకుండి, "పేరు మిగిలినది, బిడ్డా. నేసినవానితో నేత పోయినది" అని చెప్పెను.

పేరు మిగిలి గుడ్డ పోవుట ఒక నష్టము. గుడ్డ మిగిలి, చేసినవారి పేరు పోవుట మఱియొక నష్టము. ఈ రెండవ నష్టమునకు నేనే కారణమైన సంగతి ఇక చెప్పెదను.

కళాశాలలో మాకొక పని యిచ్చిరి. మన ప్రాంతపు వస్త్రముల నమూనాలు సేకరించి, పుస్తకమున అంటించి, ఒక్కొక్కదాని క్రింద వివరము వ్రాయవలెను. నేను లంబాడీల కుట్టుపని నెంచుకొని, మానుకోట యని మనము పిలుచు మహబూబాబాదు ప్రాంతపు తండాలకు పోతిని. లంబాడీలు పూర్వము ఎద్దులపై ధాన్యము, ఉప్పు మోసికొని దేశమంతయు తిరిగిన వర్తకులు. రాజుల సేనలకు సయితము తిండిగింజలు చేర్చినవారు వారే. రైళ్లు, బండిబాటలు వచ్చిన పిదప ఆ వర్తకము పోయినది, వారు ఊళ్ల ప్రక్కల నిలిచిపోయిరి. వారి భాషకు స్వంత లిపి లేదు. అయినను వారి స్త్రీల పేటియాపైనను, కాంచళిపైనను అద్దములు, గవ్వలు, రంగురంగుల దారములు చేర్చి కుట్టిన పనిని చూచినపుడు, లిపి లేకున్నను వ్రాత కలదని నాకు తోచినది.

ఒక తండాలో డెబ్బది యేండ్లకు పైబడిన ముదుసలి నాకు తన పెట్టె తెఱచి ఒక పాత కాంచళి చూపెను. ఆమె తల్లి కుట్టినది. ఎఱ్ఱని గుడ్డపై చిన్నచిన్న అద్దములు, వాని చుట్టును గొలుసుకుట్టు, అంచున గవ్వలు. రెండు దినములకు ఎరువిమ్మని, ఛాయాచిత్రము తీసికొని మరల తెచ్చి యిత్తునని నేనడిగితిని. ఆమె సందేహింపక ఇచ్చెను.

నమూనాల పుస్తకమునకు ఛాయాచిత్రము చాలదని నాకు లోభము పుట్టినది. లోపలి అంచున అఱచేయంత ముక్కను కత్తెరతో తీసితిని. బయటికి కనబడదు గదా యనుకొంటిని. ఆ పుట చూచి మా ఉపాధ్యాయులు మెచ్చుకొనిరి. తోటివారు దానిని తాకి తాకి చూచిరి. నేను సంతోషించితిని.

కాంచళిని మరల ఇచ్చుటకు పోయినపుడు ఆ ముదుసలి దానిని విప్పి చూడనే లేదు. మడతపై చేయి నడపి, ఆ తెగిన చోటనే వ్రేలు నిలిపెను. కోపపడలేదు. "బిడ్డా, మా అమ్మ పోయి చాలనాండ్లైనది. ఆమె ముఖము నాకు సరిగా గుర్తులేదు. ఈ కుట్టు పట్టుకొన్నపుడు ఆమె చేయి గుర్తుకు వచ్చును" అనెను. నేను నేలచూపులు చూచుచు నిలుచుంటిని. డబ్బు ఇవ్వబోయితిని. ఆమె తీసికొనలేదు.

ఆ సంగతి నా మనస్సును బాధించుచుండగనే గ్రంథాలయమున ఒక చరిత్ర చదివితిని. 1866వ సంవత్సరమున లండనులో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను నతడు భారతదేశపు వస్త్రములను ముక్కలుగా కత్తిరించి, 700 నమూనాలను 18 సంపుటములలో అంటించెను. అట్టివి 20 ప్రతులు చేసి, 13 ప్రతులను బ్రిటనులో ఉంచి, 7 ప్రతులను మన దేశమునకు పంపిరి. భారతీయులు ఎట్టి బట్ట కట్టుదురో ఆంగ్ల మిల్లుదారులు ఎఱిగి, అట్టిదానిని మరలపై నేసి మనకు అమ్మవలెనన్నదే అందలి ముఖ్యోద్దేశము. ఆ సంపుటములు నేటికిని విద్యార్థుల కుపకరించుచున్నవి, కాదనను. కాని నేసినవాడు ఎవడో, వాని భార్య ఎన్ని కండెలు చుట్టినదో వాని వలన తెలియదు. మా తాత వంటివారి అన్నము తీసిన పనియు, నేను మెప్పు పొందిన పనియు ఒకే కత్తెరతో జరిగినవని అపుడు గ్రహించితిని.

పుస్తకమునుండి ఆ ముక్కను జాగ్రత్తగా ఊడదీసికొని మరల తండాకు పోతిని. "యాడీ, తప్పు చేసితిని" అని చెప్పితిని. యాడి యనగా వారి భాషలో తల్లి. ఆమె సూది తెప్పించి, ముక్కను తానే మరల కుట్టెను. గుడ్డ ఎఱుపు, దారము పసుపు. "ఎఱ్ఱదారముతో కుట్టినచో కనబడదు గదా?" యని నేనంటిని. "తెగినది తెలియవలెను గదా, బిడ్డా" యని ఆమె పని మానకయే బదులు చెప్పెను. తరువాత, "నీకు నిజముగా కుట్టు కావలెనన్నచో కొత్తగుడ్డ తెచ్చుకొని నా యొద్ద కూర్చుండుము. పాతదానిని అడుగవద్దు" అనెను.

ఏ గుడ్డ తేవలెనని తాత నడిగితిని. "మహాదేవపురపు దసలిపట్టు తెమ్ము. అది సూదికి ఓర్చును, అద్దముల బరువు మోయును" అని ఆయన చెప్పెను. అందుచేత పరకాల మీదుగా భూపాలపల్లికిని, అచ్చటినుండి గోదావరి దెసగా మహాదేవపురమునకును పోతిని. ఈ మూడు జిల్లాలు 2016లో ఏర్పడినవి. మహాదేవపురము అంతకు పూర్వము కరీంనగరు జిల్లాలోనిది. కాళేశ్వర క్షేత్రమునకు పోయినవారు ఆ ఊరు చూచియే యుందురు.

మల్బరీ పట్టుపురుగును ఇంటిలో తట్టలపై పెంచుదురు. దసలి పట్టుపురుగు అట్లు కాదు. అది అడవిలో నల్లమద్ది, తెల్లమద్ది చెట్లపైననే ఆకు తిని పెరుగును. వానలు పడి చెట్లు చిగిర్చినపుడు పురుగులను కొమ్మల కెక్కింతురు. పురుగు ఆకుపచ్చగా నుండి ఆకులలో కలిసిపోవును. నాకు చూపినవారు వ్రేలు పెట్టి చూపువఱకు నాకు కనబడలేదు. అది నాలుగు మాఱులు పొరవిడిచి, నెలకు పైగా తిని, పిదప కాడతో కొమ్మకు వ్రేలాడు గట్టి కాయ కట్టుకొనును. అంతవఱకు రైతు పక్షులనుండి, చీమలనుండి, కందిరీగలనుండి వానిని కాపాడుచు చెట్లక్రిందనే కాలము గడపవలెను. ఒక గాలివానతో పంట పోవచ్చును. కాయలను సోడానీట ఉడికించి మెత్తపఱచిన గాని దారము రాదు. వచ్చిన దారమునకు రంగు వేయకయే తేనెవన్నె యుండును. మన దేశము దసలిపట్టు పండించుటలో చైనా తరువాత రెండవది. చీర కట్టువారిలో ఎందఱకు ఆ చెట్టుక్రింది కాపలా తెలియును? నాకు మాత్రము అంతకు ముందు తెలియదు.

ఒక నేతగాని యొద్ద రెండుగజముల గుడ్డ కొని, కాయ యెవరు పెంచిరి, దారమెవరు తీసిరి, నేసినదెవరు అని అడిగి వ్రాసికొంటిని. అతడు నవ్వి, "ధర యడుగువారు వత్తురు గాని, పేరడుగువారు రారు" అనెను.

ఆ గుడ్డతో తండాలో నలువది దినములుంటిని. మొదటి వారము అద్దము నిలువక జాఱిపోవుచుండెను. నేను కుట్టినదానిని ముదుసలి సాయంకాలము విప్పివేసెడిది, ప్రొద్దున మరల కుట్టించెడిది. ఇరుగుపొరుగు బాలికలు ముందు నన్ను చూచి నవ్వుటకు వచ్చిరి. పిదప తామును సూది పట్టిరి. వారిలో ఇద్దఱకు నాకన్న చక్కని చేయి యున్నది. వారి యింట ఆ కుట్టు తెలిసిన అవ్వ యుండియు, అంతవఱకు ఎవరును నేర్పుమని అడుగలేదట.

ఇక అంచు మిగిలినది. దానిని నూలుతో నేయింపవలెనని కొడకండ్లకు పోవుచుండగా తాతయు వెంట వచ్చెను. అచ్చట తెలిసినవారి మగ్గమున్నది. పడుగు సిద్ధమైన తరువాత ఆయన, "నన్నొకసారి దిగనిమ్ము" అని గుంటలో కాళ్లు పెట్టి కూర్చుండెను. పదునేడేండ్ల తరువాత నాడె పట్టిన చేయి యది. మొదటి రెండు బెత్తెలు ఎగుడుదిగుడుగా వచ్చినవి. మూడవ బెత్తెనుండి సరియైనది. ఆ తొలి రెండు బెత్తెలను కోసివేయుమని ఆయన చెప్పెను. నేను కోయలేదు. కత్తెర నా చేతికి ఇక అంత సులభముగా రాదు.

ఆ వస్త్రమును కళాశాల ప్రదర్శనమున ఉంచి, ప్రక్కన ఒక కాగితముపై అందు పాలుపంచుకొన్నవారి పేర్లు, వారి ఊళ్లు, పనిచేసిన దినములు, వారికి ముట్టిన కూలి వ్రాసి పెట్టితిని. నా పేరు చివర వ్రాసితిని. కొందఱు, "ఇది కళాప్రదర్శనమా, కూలిలెక్కయా?" అనిరి. రెండును అని బదులు చెప్పితిని.

పెద్దలారా, వరంగల్లు తివాసీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. కర్ణాటకమునందలి సండూరు లంబాడీ కుట్టుపనికి 2010లోనే లభించినది. ఇది మేలే. కాని గుర్తింపు ఊరికి వచ్చినంతమాత్రమున, చేసిన చేతికి పేరు రాదు, కూలి పెరుగదు. అది మనము చూచుకొనవలసిన పని.

అందుచేత మీకు మూడు మనవులు చేసికొనుచున్నాను. పాతగుడ్డ తీసికొని స్టీలుగిన్నె యిచ్చువాడు వీధిలోనికి వచ్చినపుడు, మీ యింటి పెట్టెలోని నేతచీర గాని, కుట్టు రవిక గాని, బొంత గాని వానికి వేయుటకు ముందు, అది ఎవరి చేతిదో తలచి చూడుడు. మీ మనుమల చేత సెల్‌ఫోనులో దాని ఛాయాచిత్రము తీయించి, చేసినవారి పేరు, ఊరు ఒక కాగితముపై వ్రాయించి, గుడ్డతోనే మడచిపెట్టుడు. రెండవది, నావంటి విద్యార్థి గాని, వర్తకుడు గాని వచ్చి అడిగినపుడు ఎదుటనే చూపుడు, ఇంటినుండి కదలనీయవద్దు. అచ్చు చూచి చేసికొనువాడు నేర్పినవారికి కూలి యిచ్చి, పేరు చెప్పవలెనని పదిమందిలో అడుగుడు. మూడవది, మీ ఊరిలో మగ్గము, సూది, రాట్నము తెలిసిన ముసలివారెవరైన నున్నచో, సెలవుదినములలో పిల్లలను వారి యొద్దకు పంపుడు. పిల్లలు ఆ వృత్తియే చేయవలెనని నేననుట లేదు. మా తండ్రి భివండికి ఏల పోయెనో నాకు తెలియును. కాని ఆ విద్య ఎట్టిదో యొక్కసారి చేతితో ఎఱిగినవాడు దానిని గిన్నెకు మాఱువేయడు.

బట్ట నేయుటకు చదువు కావలెనా యని నన్నడిగిన పెద్దకు ఇపుడు చెప్పగలను. నేయువారికి నా చదువు అక్కఱలేదు, అయ్యా. వారు నేర్చినది నాకే కావలసియున్నది. దానిని వారినుండి కోసికొనక, వారి యొద్ద కూర్చుండి నేర్చుకొనుటకు నాకు మూడేండ్లు పట్టినది.