సరస్సు ఒడ్డున చార్లీ చాప్లిన్

1952 సెప్టెంబరులో చార్లీ చాప్లిన్ భార్యాబిడ్డలతో న్యూయార్కులో ‘క్వీన్ ఎలిజబెత్’ ఓడ యెక్కినాడు. క్రొత్తగా తీసిన ‘లైమ్‌లైట్’ చిత్రాన్ని తాను పుట్టిన లండను నగరంలో ప్రదర్శించి తిరిగి రావలెనని ఆయన ఉద్దేశము. రేవు విడిచి రెండు రోజులయినదో లేదో, ఆయన పునఃప్రవేశానుమతిని అమెరికా అటార్నీ జనరల్ రద్దు చేసినట్లు ఓడలోనే కబురందినది. మరల ఆ గడప త్రొక్కవలెనన్న, తన రాజకీయములను గురించి, శీలమును గురించి అధికారుల యెదుట సంజాయిషీ యిచ్చుకొనవలెను. సుమారు 40 సంవత్సరాలు అక్కడ పనిచేసియు ఆయన బ్రిటిషు ప్రజగానే మిగిలిపోయినాడు. కమ్యూనిజమన్న మాట వినబడితేనే ఆ దేశము ఉలికిపడుతున్న రోజులవి. తాను కమ్యూనిస్టును కానని ఆయన యెంత చెప్పినా చెవిని బెట్టినవారు తక్కువ.

ఆయన సంజాయిషీకి పోలేదు. 1953 ఏప్రిల్‌లో జెనీవాలో ఆ అనుమతిపత్రాన్ని తిరిగి యిచ్చివేసినాడు. ఒంటరిగా అమెరికా వెళ్ళి ఆస్తిపాస్తులు చక్కబెట్టుకొని వచ్చినది భార్య ఊనా. నాటకకర్త యూజీన్ ఓనీల్ కుమార్తె. తరువాత ఆమె కూడ తన అమెరికా పౌరసత్వాన్ని వదులుకొన్నది.

స్విట్జర్లాండులో వెవే పట్టణము చెంత, జెనీవా సరస్సునకు ఎగువనున్న విశాలమైన భవనంలో ఆ కుటుంబము స్థిరపడినది. ఎనమండుగురు బిడ్డలలో కడపటి నలుగురు అక్కడికి వచ్చిన తరువాత పుట్టినవారే. 1953లో మన నెహ్రూగారు ఆ ఇంటికి అతిథిగా వెళ్ళినారు. తోట, బిడ్డలు, ధనము అన్నీ ఉన్నవి. ఇదేమి ప్రవాసమని కొందరడుగవచ్చును. మేమును మొదట అట్లే అనుకొన్నాము.

కాని హాలీవుడ్‌లో ఆయనకు సొంత స్టూడియో ఉండెడిది. ఒక్క దృశ్యము మనసుకు నచ్చువరకు నెలల తరబడి మరల మరల తీసుకొనే స్వేచ్ఛ ఆ నాలుగు గోడల మధ్యనే ఆయనకు దక్కినది. 1953లో అది అమ్ముడుపోయినది. 1957లో వచ్చిన ‘ఎ కింగ్ ఇన్ న్యూయార్క్’ను లండనులో అద్దె స్టూడియోలో తీయవలసి వచ్చినది, న్యూయార్కు వీధులను సైతము అక్కడనే కల్పించుకొన్నాడు. అందులో హాస్యము పలుచబడి, కోపము పైకి తేలినదని మా అభిప్రాయము. అయితే, తల్లిదండ్రులను కాపాడుకొనుటకు వారి మిత్రుల పేర్లు చెప్పి కుమిలిపోయే బాలుని ఘట్టము మాత్రము మరపునకు రాదు. ఆ పాత్ర ధరించినది చాప్లిన్ కుమారుడు మైకేల్.

రేడియోలో పనిచేయు మాకు ఆయన కడపటి కాలములో అన్నిటికన్న ఆసక్తికరమైన సంగతి మరొకటి. తెర మాటలు నేర్చిన తరువాత కూడ, 1931లో ‘సిటీ లైట్స్’ను సంభాషణలు లేకయే తీసిన మొండివాడాయన. అట్టివాడు వృద్ధాప్యములో చేసిన పని యేమనుకొన్నారు? పూర్వము తాను తీసిన మూగచిత్రములను ఒకదాని తరువాత ఒకటి ముందు పెట్టుకొని వాటికి సంగీతము కూర్చుకొన్నాడు. ఆయనకు స్వరలిపి వ్రాయుట రాదు. ఎడమచేతివాటము గనుక వయొలిన్ తీగెలను తారుమారుగా బిగించుకొని వాయించెడివాడు. కూనిరాగము తీసియో, పియానో మీద మీటియో వినిపిస్తే, ఎరిక్ జేమ్స్ అను ఆంగ్ల విద్వాంసుడు దానిని కాగితము మీద పెట్టేవాడు. 1928 నాటి ‘సర్కస్’ చిత్రానికి సంగీతము చేర్చినప్పుడు ప్రారంభగీతాన్ని చాప్లిన్ స్వయముగా పాడినాడు. అప్పటికి ఆయనకు 80 ఏళ్ళు నిండవస్తున్నవి. గొంతు వణకినది. ఆ వణకును ఏ యువగాయకుని కంఠముతోను మార్చకుండుటే మేలయినది.

1972 ఏప్రిల్‌లో అమెరికా ఆయనను గౌరవ ఆస్కారు బహుమతికి పిలిచినది. సభ లేచి నిలిచి నిమిషాల తరబడి కరతాళధ్వనులు చేసినది. ఆయనకు మాట పెగలలేదు. మరుసటి సంవత్సరము, ఓడ యెక్కునాటి ఆ ‘లైమ్‌లైట్’ సంగీతమునకే మరొక ఆస్కారు వచ్చినది. ఆ చిత్రము లాస్‌ఏంజిలస్‌లో 20 ఏళ్ళు ఆలస్యముగా ప్రదర్శింపబడుట చేత అది అప్పుడు పోటీకి అర్హమయినదట! 1975లో బ్రిటిషు రాణి ‘సర్’ బిరుదమిచ్చినది.

1976లో, 87వ యేట, 1923 నాటి ‘ఎ వుమన్ ఆఫ్ పారిస్’కు ఆయన సంగీతము సమకూర్చినాడు. పని అనదగినది అదే చివరిది. 1977 క్రిస్మస్ నాడు సరస్సు ఒడ్డుననే కన్నుమూసినాడు. ఆ చిత్రములో ఆయన నాయకుడు కాదు. రైలు స్టేషనులో బరువు మోసుకొనివచ్చి దించే కూలీగా, గుర్తుపట్టేలోపలనే వెళ్ళిపోతాడు.