ఊరే మొదటి పాఠ్యపుస్తకం: నడివయసులో మళ్లీ చదువు
(బలసముద్రంలో, పండుగకు నగరం నుండి స్వగ్రామానికి వచ్చినవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నాకిచ్చిన విషయం వయోజనుల చదువు. బాల్యంలో చదువు ఆగిపోయిన మనిషి ముప్పై ఏళ్లకో, నలభై ఏళ్లకో, యాభై దాటాకో మళ్లీ పుస్తకం పట్టవచ్చునా, పడితే ఏ పుస్తకంతో మొదలుపెట్టవలెను అన్నది ప్రశ్న. నేను మనవి చేయదలచినది ఒక్క మాట. అట్టి మనిషికి తన ఊరి చరిత్ర, తన వారసత్వమే అన్నింటికన్న దగ్గరి దారి. ఆ దారిలో అతడు కొత్త విద్యార్థి కాడు. సగం పాఠం అతనికి ముందే వచ్చును.

ముందుగా మన స్థితి చూచుకుందాము. పావగడ తాలూకా వాన తక్కువ నేల. వేరుశనగ వేసి ఆకాశం వంక చూచిన తరాలు మనవి. ఇప్పుడు బలసముద్రం, తిరుమణి, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు అనే ఐదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో సౌర విద్యుత్ ఫలకాలు పరచుకొని ఉన్నవి. 2018 మార్చిలో ప్రారంభమైన ఆ కేంద్రం 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరినది. భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో ఆ కౌలు మొదలైనది. భూమి ఉన్నవారికి నిలకడైన రాబడి ఏర్పడినది. భూమి లేక, ఆ చేలలోనే కలుపు తీసి, కాయ ఒలిచి బ్రతికినవారికి పని తగ్గినది. వారిలో పలువురు నగరం దారి పట్టినారు.

నగరంలో వారిని అడిగే మొదటి కాగితం పదవ తరగతి ధ్రువపత్రం. కాపలా పనిలో మేస్త్రీ హోదా కావలెనన్నా, ఆసుపత్రిలో సహాయకురాలి శిక్షణకు చేరవలెనన్నా అదే కాగితం అడుగుతారు. పని తెలిసి, నమ్మకం సంపాదించి, పదేళ్లు ఒకేచోట పనిచేసిన మనిషి కూడ ఆ కాగితం లేక అక్కడనే ఆగిపోతున్నాడు. ఇది ఒక నష్టం.

రెండవ నష్టం కంటికి కనబడదు. ఫలకాల కింద ఉన్న ప్రతి చేనుకూ ఒక పేరు ఉండేది. ఫలానా గుట్ట చేను, ఫలానా చింతమాను చేను అని పిలిచేవారు. బండిబాటకు పేరు, వంకకు పేరు, సరిహద్దు రాతికి పేరు ఉండేవి. కౌలు ఒక తరం కాలం సాగును. అది ముగిసే నాటికి ఆ పేర్లు చెప్పగలవారు ఎందరు మిగులుదురు? మన పిల్లలు నగరంలో కన్నడమో, ఇంగ్లీషో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాటలాడినా తెలుగు అక్షరం రానివారు పెరుగుతున్నారు.

ఈ రెండు నష్టాలకూ ఒకే మందు కలదని నా మనవి.

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత మనల్ని చాలాకాలం భయపెట్టినది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని తలచుకోండి. ఆమె 1909లో రాజమహేంద్రవరంలో జన్మించినారు. ఎనిమిదేళ్లకే పెండ్లి చేసినారు. ఇంగ్లీషు చదువు వద్దని చిన్ననాడే బడి విడిచినారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లివచ్చిన తరువాత, ఇరవై ఏళ్లు దాటిన వయసులో కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకొన్నారు. 1942 నాటికి మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా కూడ సాధించినారు. రాజ్యాంగ సభలో సభ్యురాలైనారు. తాను నడచిన దారిని తోటి స్త్రీలకు కూడ వేయించినారు. చదువు ఆగిన వయోజన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు సిద్ధమయ్యే సంక్షిప్త పాఠ్యక్రమాలు 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా ఆరంభమైనవి. ఆ మండలికి తొలి అధ్యక్షురాలు ఆమెయే. మాను వంగదన్న మాట ఆమె జీవితం ముందు నిలువదు.

అయితే వయోజనుడికి పిల్లవాని పాఠమే చెప్పితే మనసు నిలువదు. 'అల, వల' అని దిద్దించితే సిగ్గు పడును, రెండు దినాలకు మానుకొనును. అతనికి తెలిసిన దాని నుండి తెలియని దానికి నడిపించవలెను. మన ఊరి పేరునే తీసుకోండి. ఈ సీమలో 'సముద్రం' అని ముగిసే ఊళ్లు పలుచోట్ల ఉన్నవి. ఉప్పు సముద్రం చూడని నేలలో ఆ మాటకు అర్థం చెరువు. నీటి విలువ ఎరిగిన పూర్వులు చెరువును సముద్రమన్నారు. ఆ ఒక్క మాట వెంట పోతే ఎంత దూరమైనా పోవచ్చును.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద ఒక శాసనం ఉన్నది. శక సంవత్సరం 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించినాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల కాలం పట్టినదని ఆ శాసనం చెప్పుచున్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు కలిగే ఆరు దోషాలను కూడ లెక్కపెట్టి చెప్పినది. కట్ట గట్టిగా ఉండవలెను, రాయి దగ్గర దొరకవలెను, కట్ట కింద సారవంతమైన నేల ఉండవలెను, నీరు తెచ్చే ఏరు ఉండవలెను. ఈ పాఠం కళాశాల కుర్రవానికి బట్టీ పట్టవలసిన విషయం. చెరువు పూడిక తీసినవానికి, కట్టకు గండిపడిన రాత్రి మట్టి మోసినవానికి అది తన అనుభవమే. అందుచేతనే వారసత్వ అధ్యయనంలో అతడు సగం పండితుడని నేను అంటున్నాను.

'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అనుకొని మన చుట్టూ ఉన్నదాన్ని మనం చూడడం లేదు. మన తాలూకాలోనే నిడుగల్లు దుర్గం ఉన్నది. పన్నెండు, పదమూడవ శతాబ్దాలలో అక్కడ నుండి చోళవంశీయులు పాలించినారు. సరిహద్దుకు ఆవల శ్రీ సత్యసాయి జిల్లాలో నొళంబుల రాజధాని హేమావతి ఉన్నది. విజయనగర ప్రభువులకు 1565 తరువాత రాజధానియైన పెనుగొండ ఉన్నది. బెంజమిన్ లూయిస్ రైస్ అనే పురావస్తు అధికారి మైసూరు సంస్థానపు శాసనాలను జిల్లాల వారీగా అచ్చువేసినాడు. తుమకూరు జిల్లాది పన్నెండవ సంపుటం, 1904లో వెలువడినది. పావగడ తాలూకా శాసనాలు అందులో ఉన్నవి. అంతకు నూరేళ్ల ముందు కర్నల్ కాలిన్ మెకంజీ, ఆయన సహాయకులైన కావలి సోదరులు ఊరూరి కరణాల నుండి గ్రామ వృత్తాంతాలు వ్రాయించినారు. వాటినే కైఫీయతులు అంటాము. ఊరి చరిత్ర వ్రాయదగినదేనని రెండు వందల ఏళ్ల కిందటనే గుర్తించినారు. ఆ పని ఇప్పుడు ఊరివారే చేయవలెను.

ఇక్కడ పావగడవారికి ఒక విశేషమైన సంపద కలదు. మనం ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చినవారం. పాత కాలంలో ఈ రెండు భాషలకూ లిపి దాదాపు ఒక్కటే. వేరుపడినది తరువాతి శతాబ్దాలలో. ఈ సీమ శాసనాలు చదువవలెనంటే రెండు భాషలూ తెలియవలెను. పెద్ద పట్టాలున్నవారు కష్టపడి నేర్చే రెండవ భాష మనకు తల్లి ఒడిలోనో, బడి వసారాలోనో దొరికినది. కన్నడ అక్షరం వచ్చినవానికి తెలుగు అక్షరం కొద్ది వారాల పని. సరిహద్దున పుట్టడం లోపమని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఈ ఆలోచన మనకే కలిగినది కాదు. ఐర్లండ్ చిన్న దేశం. 1840ల నాటి మహాక్షామంలో పది లక్షల మంది మరణించినారు, మరి పది లక్షల మంది వలసపోయినారు. స్వభాష కూడ క్షీణించినది. 1937 నుండి 1939 వరకు అక్కడి జానపద సంఘం ఒక పని చేయించినది. సుమారు 5,000 బడుల నుండి 50,000 మంది పిల్లలు తమ తాతలను, అవ్వలను, ఇరుగుపొరుగు పెద్దలను అడిగి, కథలు, ఊరి పేర్లు, నాటువైద్యం, పొలం పనులు నోటుపుస్తకాలలో వ్రాసినారు. ఆ సంపద నేడు అందరికీ చదువ వీలుగా ఉన్నది. ఇరవై మూడేళ్లు నిండినవారిని ఆ దేశంలో 'పరిణత విద్యార్థి'గా కళాశాలలు ప్రత్యేక మార్గంలో చేర్చుకొనును. స్థానిక చరిత్ర, జానపద విద్య, వారసత్వ అధ్యయనం వయోజనుల కొరకు బోధించును. బడి మానినవారు కొందరు ఆ ద్వారం గుండానే మళ్లీ చదువులోకి వచ్చినారు.

అంత దూరం ఎందుకు? మీరు నివసించే బెంగళూరులోనే 2018లో హెబ్బాళ వద్ద తవ్వకంలో ఒక వీరగల్లు బయటపడినది. దానిమీది శాసనం క్రీ.శ. 750 ప్రాంతానిది, కిట్టయ్య అనే వీరుని పేరు తెలుపుచున్నది. చరిత్ర ఉద్యోగంగా లేని సామాన్య పౌరులు ముందుకు వచ్చి అట్టి రాళ్లను వెదకుచున్నారు, కాపాడుచున్నారు. మీ వీధి చివరన మట్టిలో పూడిన రాయి ఏమిటో అడిగే అధికారం మీకు కూడ కలదు.

ఇప్పుడు మార్గం చెప్పుకుందాము. అక్షరం బొత్తిగా రానివారికి, పదిహేనేళ్లు దాటిన వారందరి కొరకు 'ఉల్లాస్' అనే అక్షరాస్యతా కార్యక్రమం ఉన్నది. బడి మధ్యలో మానినవారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అనగా ఎన్.ఐ.ఓ.ఎస్., 1989 నుండి ఉన్నది. పదవ తరగతికి పద్నాలుగేళ్లు నిండితే చాలును, పై వయసుకు హద్దు లేదు. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. ఉత్తీర్ణులైన విషయాన్ని మళ్లీ వ్రాయనక్కరలేదు. తెలుగు మాధ్యమం కూడ కలదు. 'భారతీయ సంస్కృతి, వారసత్వం' అనేది పదవ తరగతి స్థాయిలో ఎంచుకోదగిన ఒక పాఠ్యవిషయం. అది ఏ మాధ్యమంలో దొరకునో చేరేముందు విచారించుకోండి.

ఆపై పన్నెండవ తరగతి. ఆ పైన సార్వత్రిక విశ్వవిద్యాలయాలు. దేశంలో మొదటిది 1982లో హైదరాబాదులో మన తెలుగునేలపైనే వెలసినది, నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్నది. 1985లో ఇగ్నో, 1996లో మైసూరులో కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చినవి. వారసత్వాన్ని ప్రధానంగా చదువదలచినవారికి 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయం ఉన్నది. శ్రీశైలంలో చరిత్ర, సంస్కృతి, పురావస్తు పీఠం, వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం దాని అంగాలుగా ఏర్పడినవి. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం బెంగళూరుకు రైలు దారిలోనే ఉన్నది.

ఒక హెచ్చరిక. పరీక్ష వ్రాయకుండానే ధ్రువపత్రం ఇప్పించెదమని డబ్బు అడిగే దళారులు నగరంలో తిరుగుచుందురు. వారి చేతిలో పెట్టిన సొమ్ము పోవును, వారు ఇచ్చిన కాగితం మిమ్మల్ని నేరంలోకి దించును. అధికారిక అధ్యయన కేంద్రంలోనే విచారించండి.

మరి వారసత్వం చదివితే ఉద్యోగం వచ్చునా అని మీరు అడుగవచ్చును. వెంటనే వచ్చునని నేను చెప్పను. కాని మానిన మనిషిని మళ్లీ చదువులో కూర్చోబెట్టునది ఇష్టం. ఇష్టమైన ఒక విషయం పట్టుకొన్నవాడు దాని వెంట లెక్కలు, ఇంగ్లీషు కూడ దాటగలడు. రాత్రి కాపలా ముగించి వచ్చిన అన్నకు, నాలుగిళ్ల పని చేసి వచ్చిన అక్కకు దినానికి ఒక గంట దొరకడమే కష్టమని ఎరుగుదును. అందుకే ఒంటరిగా మొదలుపెట్టవద్దు. ఒకే వీధిలోని నలుగురు వారానికి రెండు సాయంత్రాలు ఒక ఇంట కూడండి. ఇంటి ఆడవారు చదువుకొనే గంటలో వంటపని మగవారు చూచుకొనవలెను. ఆ ఏర్పాటు లేని ఇంట స్త్రీ చదువు సాగదు.

ఇక మీరు నగరానికి బస్సు ఎక్కేలోగా చేయవలసిన మొదటి అభ్యాసం. మీ ఇంటి పెద్దవారి పక్కన కూర్చోండి. కౌలుకు పోయిన చేల పేర్లు, వాటిలో పండిన పంటలు, బావులు తవ్వినవారి పేర్లు, మన ఊరి పేరులోని 'బల' ఎవరని వారు విన్నారో అడిగి వ్రాసుకోండి. చెప్పినవారి పేరు, వయసు, తేదీ కింద వ్రాయండి. వ్రాయుట రానివారు వారి అనుమతితో ఫోనులో మాట భద్రపరచండి. వీరగల్లు గాని, మాస్తికల్లు గాని కనబడితే దానికి రంగు పూయవద్దు, సుద్దతో గీయవద్దు, నిధి ఉన్నదని కదల్చనీయవద్దు. ఉదయపు ఏటవాలు వెలుగులో ఛాయాచిత్రం తీయండి, అక్షరాలు స్పష్టంగా కనబడును.

ఆ నోటుపుస్తకమే మీ రెండవ చదువుకు మొదటి పుట. రేపు పరీక్షకు దరఖాస్తు నింపునాడు, నాకు ఏమీ రాదని ఎవరూ అనుకోనక్కరలేదు. ఒక ఊరి చరిత్ర తన చేతితో వ్రాసినవారు మీరు.