చెక్క రాకెట్టు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మాది గూడూరు. శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజున మా వీధి వీధంతా మేడల మీదే ఉంటుంది. పొయ్యి మీద పాలున్నా సరే, మంట తగ్గించి నేనూ ఎక్కుతాను. ఆగ్నేయ మూల నిప్పుచుక్క లేచి తెల్లటి చార గీసుకుంటూ పోతుంటే, ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. పెద్దవాళ్లం మనకే ఇలా ఉంటే ఇక పిల్లల మాట చెప్పాలా?

కిందటి దీపావళి మర్నాడు మా పన్నెండేళ్ల వాడు పెరట్లో కూర్చుని, పేలని టపాకాయలు విప్పి మందు కాగితంలోకి రాల్చుకుంటున్నాడు. పక్కన వెదురు గొట్టం ఉంది. "ఏంట్రా అది?" అంటే "రాకెట్టమ్మా" అన్నాడు. నా చేతిలో చీపురు జారిపోయింది.

ఎందుకంటే నాకొక తమ్ముడున్నాడు. వాడూ ఆ వయసులోనే వెదురు గొట్టంలో మందు కూరాడు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ తర్వాత మా అమ్మ ఇంట్లోకి చిచ్చుబుడ్డి కూడా రానివ్వలేదు.

మందంతా బకెట్టు నీళ్లలో ముంచేశాను. పిల్లవాడికి రెండు దెబ్బలు వేశాను. రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చాను. వాడు అంతా విని, "అక్కా, మందు వద్దను. రాకెట్టు వద్దనమాక. నన్ను అందరూ వద్దన్నారు గానీ, మరేం చేయాలో ఒక్కరూ చెప్పలేదు" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున్నే సామాను సంచీతో దిగాడు. వాడి ఉద్యోగం వేరే అయినా, చెక్కపని అంటే ప్రాణం. మా వెనక రేకుల షెడ్డులో బల్ల వేసి, వడ్రంగి దుకాణం నుంచి టేకు ముక్కలు తెప్పించాడు.

మన దేశం మొదట కక్ష్యకు పంపిన రాకెట్టు ఎస్‌.ఎల్‌.వి.-3 చేద్దామన్నాడు. దాని పొడవు 22 మీటర్లు, అడుగు భాగం లావు ఒక మీటరు. ఇరవై అయిదో వంతు చేస్తే పొడవు 88 సెంటీమీటర్లు, లావు 4 సెంటీమీటర్లు. పదో తరగతితో ఆగిన నా లెక్కలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి!

మాకు కదురు యంత్రం లేదు. పలకల చెక్కను గుండ్రం చేయడమెలా అని నా సందేహం. దానికి ఉపాయం ఉంది. నాలుగు పలకల కర్రను ముందు ఎనిమిది పలకలు చేయాలి, తర్వాత పదహారు, ఆపైన ఉప్పుకాగితం పట్టాలి. కర్ర కొసన మూల నుంచి మూలకు గీత గీసి, అందులో సగం కొలత తీసుకోండి. ప్రతి మూల నుంచీ అంచుల వెంట ఆ కొలతకు గుర్తు పెడితే ఎనిమిది పలకలు సరిగ్గా వస్తాయి. మా వాడు గీసిన గీతల వెంట చిత్రిక పడుతూ ఉంటే చెక్కపొట్టు జిలేబీ చుట్టల్లా రాలింది.

ఎస్‌.ఎల్‌.వి.లో నాలుగు దశలున్నాయి గనుక నాలుగు ముక్కలూ విడివిడిగా చేశాం. బర్మాతో తొలిచి, లోపల కర్రచీలలు పెట్టి ఒకదాని మీద ఒకటి నిలబెట్టాం. దశలు ఊడదీసి చూపొచ్చు.

రెక్కల దగ్గరే పొరపాటు జరిగింది. సన్నటి పలక మీద చారలు రాకెట్టు పొడవు వెంట ఉండేట్టు కోశాం. అతికించిన మర్నాడే బల్లకు తగిలి ఒక రెక్క చార వెంట పుటుక్కున విరిగింది. చారలు రాకెట్టు ఒంటి నుంచి బయటికి పరుచుకునేట్టు కోయాలట. పిల్లవాడి కళ్లలో నీళ్లు. అప్పుడు తమ్ముడు చెప్పాడు: 1979 ఆగస్టు 10న అసలు ఎస్‌.ఎల్‌.వి. కూడా, రెండో దశ అదుపు తప్పి, సముద్రంలో పడింది. ఆ పనికి నాయకుడు అబ్దుల్ కలాం గారు. తప్పు వెతికి దిద్దుకుని 1980 జూలై 18న మళ్లీ వదిలారు. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యకు చేరింది. "17 టన్నుల రాకెట్టురా, మోసింది నీ అంత బరువు!" అన్నాడు. వాడు కళ్లు తుడుచుకుని కొత్త రెక్క గీయడానికి కూర్చున్నాడు.

ఉప్పుకాగితం పట్టేటప్పుడు మేనమామ చేతిని చూస్తూ అడిగాడు: "మామా, నొప్పి పుట్టిందా?" ఇంట్లో ఎవరమూ ఎన్నడూ ఎత్తని మాట అది. తమ్ముడు దాచకుండా చెప్పాడు. గొట్టంలో బిగించి కూరిన మందుకు నిప్పు తగిలితే అది ఎగరదనీ, బాంబులా పగులుతుందనీ, చెక్కయితే ముక్కలు మేకుల్లా గుచ్చుకుంటాయనీ చెప్పాడు. నా రెండు దెబ్బలు చేయలేని పని ఆ చెయ్యి చేసింది.

నిజంగా ఎగిరే చిన్న రాకెట్లూ ఉన్నాయి. వాటి ఒళ్లు కాగితపు గొట్టం, రెక్కలు బాల్సా అనే తేలిక చెక్క. అందులో మందు ఫ్యాక్టరీలో తయారై వచ్చిందే వాడతారు, దూరంగా నిలబడి కరెంటు తీగతో ముట్టిస్తారు. ఇంట్లో మందు కలపడం, కూరడం వాళ్లూ చేయరు.

కనుక సోదరీమణులారా, దీపావళి మర్నాడు పేలని టపాకాయలు పిల్లల చేత పడకముందే నీళ్లలో నానబెట్టండి. పదునైన పనిముట్టు పట్టే పిల్లల పక్కన పెద్దవారు ఉండండి. అయితే, వద్దు అన్న చోట ఆగిపోకండి. ఆ వెంటనే, పోనీ ఇది చేద్దాం రా అనండి.

మా రాకెట్టు ఎగరదు. టీవీ పక్కన నిలబడి ఉంది. ఒక రెక్క మిగతా మూడింటికన్నా కాస్త కొత్తగా కనబడుతుంది. రంగు కలపలేక కాదు, అలాగే ఉండనీయమని మా వాడే అన్నాడు.