పిలుపు అందరికీ అందాలి
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను దయాధర్మం కాదు, హక్కు అని నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పిన సంగతి మీకందరికీ తెలిసినదే. ఏటా ఆ రోజున మనం సభ జరుపుకుంటున్నాం. ఆ సభకు పిలుపులు పంపే బాధ్యత నిరుటినుంచి నామీద పడింది. ఆ అనుభవాన్నే నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

పూర్వం పోస్టుకార్డులు రాసేవాళ్లం. కాలం మారింది కదా అని నిరుడు నేను వాట్సాప్ గ్రూపులో సమాచారం పెట్టి ఊరుకున్నాను. సభ అయిన వారానికి బజారులో ఒక సోదరి కనిపించారు. కీర్తిశేషులైన మన సహోద్యోగి సతీమణి, కుటుంబ పింఛనుదారు. "ఆయన పోయాక సంఘం మమ్మల్ని మరచిపోయిందా అన్నయ్యగారూ?" అన్నారు. గ్రూపులో ఉన్నది ఆయన నంబరు. ఆ ఫోను ఎప్పుడో మూగబోయింది. నాకు తల కొట్టేసినట్లయింది.

ఈసారి మా మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ పనికి ఏ సాధనం తగునో ఆలోచించాను.

మొదటిది కబురు. శుభోదయాల నడుమ సభా ప్రకటన మునిగిపోతుంది. నిర్వాహకులు మాత్రమే రాయగలిగే ఏర్పాటు వాట్సాప్‌లోనే ఉంది. ప్రకటనల కోసం అలాంటి గ్రూపు వేరుగా పెట్టాం.

రెండవది లెక్క. ఎందరు వస్తారో తెలియనిదే వంటవారికి ఏం చెప్పగలం? గూగుల్ ఫారమ్ ఉచితం. పేరు, ఎందరు వస్తారు, భోజనం చేస్తారా, మెట్లెక్కగలరా అని తెలుగులో నాలుగే ప్రశ్నలు అడిగాం. జవాబులు వాటంతటవే పట్టికలో చేరాయి. ఒకరికి ఒకే జవాబు అనే నిబంధన పెడితే గూగుల్ ఖాతా అడుగుతుంది కనుక అది పెట్టలేదు. రెండుసార్లు వచ్చిన పేర్లు మేమే కొట్టేశాం. ఆధార్, పి.పి.ఓ. నంబర్లు అడగలేదు. భోజనానికి అవెందుకు? సంఘం పేరు చెప్పి ఎవరడిగినా ఫోనులో అవి ఇవ్వకండి.

మూడవది పెత్తనం. ఆ పట్టిక మా మనుమరాలి ఖాతాలో ఉంటే, రేపు ఆమె పైచదువుకు వెళ్లాక మనం చేతులు కట్టుకు కూర్చోవాలి. అందుకే సంఘం పేరిటే ఖాతా తెరిచాం. పాస్‌వర్డ్ కార్యదర్శిగారి వద్ద, కోశాధికారిగారి వద్ద ఉంది.

నాలుగవది మన పాత రిజిస్టరు. గ్రూపులో మనం పెట్టిన సందేశాన్ని నొక్కిపట్టి వివరాలు చూస్తే, ఎవరికి చేరిందీ, ఎవరు చదివిందీ తెలుస్తుంది. చేరనివారి పేర్లు, అసలు గ్రూపులో లేనివారి పేర్లు రిజిస్టరులో గుర్తుపెట్టి ఫోన్లు చేశాం. ఫోను ఎత్తని ఇళ్లకు స్వయంగా వెళ్లాం. రెండు ఇళ్లలో కాఫీ ఇచ్చి, ఒక ఇంట్లో చీవాట్లు కూడా పెట్టారు. రెండూ సంతోషంగానే స్వీకరించాం.

ఆ సోదరి నేడు మన మధ్యనే ఉన్నారు. వారికి అందరి ఎదుటా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

చివరిగా ఒక్క మనవి. ఇళ్లకు వెళ్లేముందు రిజిస్టరులో మీ నంబరు పక్కన మీ శ్రీమతిగారిదో, శ్రీవారిదో నంబరు కూడా రాయించండి. మనలో ఎవరు ముందు వెళ్లినా, వచ్చే ఏడాది పిలుపు మాత్రం ఆ ఇంటికి అందాలి.