సంతకము చేసిన చెక్కు, తిరుగగొట్టిన ఉత్తరము
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



పిల్లల మార్కులను గూర్చి తరగతి ఉపాధ్యాయులు మీకు చెప్పియే యున్నారు. మేము నేడు పాఠ్యపుస్తకములలో లేని విషయ మొకటి చెప్పదలచితిమి. అది చెక్కులను గూర్చినది.

గత సంవత్సరము ఒక విద్యార్థిని తండ్రి కోర్టు సమను చేతబట్టుకొని మాకడకు వచ్చినారు. అంతకు మునుపే ఆయన కొక రిజిస్టరు ఉత్తరము రాగా, అది ఆంగ్లమున నుండుటచే బెదరి, పుచ్చుకొనక తిరుగగొట్టినారట. బంధువు చేసిన అప్పునకు హామీగా, అంకె వేయని చెక్కుపై సంతకము చేసి యిచ్చియుండిరి. బంధువు అప్పు తీర్చలేదు. అప్పిచ్చినవారు అంకె వేసికొని చెక్కును బ్యాంకున వేయగా, సొమ్ము చాలక తిరిగి వచ్చినది.

“అప్పు తీర్చలేకపోవుట నేరమా?” అని ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. పూర్వము ఇట్టి సందర్భమున సివిలు దావా వేయవలసినదే. లేదా మోసగించు తలంపు మొదటినుండియు నుండెనని రుజువు చేయవలెను. అది కష్టసాధ్యము. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టమున 138వ సెక్షను చేర్చబడి, 1989 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. నాటినుండి ఋణము తీర్చుటకై యిచ్చిన చెక్కు సొమ్ము లేక తిరిగివచ్చి, నోటీసు అందిన పిదపను చెల్లింపనిచో అది నేరము. మొదట ఒక సంవత్సరముగా నున్న గరిష్ఠశిక్షను 2002 నాటి సవరణ రెండు సంవత్సరములు చేసినది. జుల్మానా చెక్కు మొత్తమునకు రెట్టింపు వరకు ఉండవచ్చును. హామీదారు ఇచ్చిన చెక్కును దీని క్రిందికే వచ్చునని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది.

(మన భవననిధికి వచ్చిన చెక్కొకటి కూడ తిరిగి వచ్చినది. అది దానమే గాని ఋణము కాదు గనుక ఈ సెక్షను వర్తింపదు. ఆ దాత నిశ్చింతగా మన సభలకు రావచ్చును.)

అంకె వేసినది నేను కాదు గదా యనుట చాలదు. మనసారా సంతకము చేసి యిచ్చిన ఖాళీ చెక్కును ఇతరులు పూరించినను, అది ఋణము నిమిత్తమే యిచ్చినట్లు కోర్టు మొదట భావించునని 2019 నాటి తీర్పు. కాదని చూపవలసిన భారము సంతకము చేసినవానిదే. కొంత సొమ్ము చెల్లించినచో ఆ మాట వ్రాయించుకొని రసీదు తీసికొనుడు. అప్పు తీరిన నాడే చెక్కు తిరిగి యిప్పించుకొనుడు. రేపు ఇత్తుననిన ఊరకొనవలదు.

ఇక ఆ ఉత్తరము సంగతి. చెక్కు తిరిగినట్లు బ్యాంకు తెలిపిన 30 దినములలోపల అప్పిచ్చినవాడు వ్రాతమూలకముగా నోటీసు పంపవలెను. అది అందిన 15 దినములలో చెక్కు మొత్తము చెల్లించినచో నేరమే లేదు. చెల్లింపనిచో ఆ మీదట నెల లోపల మేజిస్ట్రేటు కోర్టున ఫిర్యాదు చేయవచ్చును. ఆ 15 దినములు మన కొరకు ఉంచినవే. ఆయన తిరుగగొట్టినది ఉత్తరమును మాత్రమే కాదు, ఆ దినములను గూడ. సరియైన చిరునామాకు వచ్చినదానిని పుచ్చుకొననిచో, అందినట్లే కోర్టు భావించును.

అదృష్టవశమున, నోటీసు అందలేదనువాడు సమను అందిన 15 దినములలోపలనైనను చెల్లించి ఫిర్యాదు త్రోసివేయుమని కోరవచ్చునని 2007లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఆయన చేతిలోని సమను నాలుగు దినముల నాటిది. నాడే వకీలు కడకు తీసికొనిపోతిమి. ఇల్లాలి నగలు కుదువబెట్టి పదునాలుగవనాడు చెల్లించినారు. ఆ నగలింకను విడిపింపలేదు.

మాకు మిక్కిలి బాధ కలిగించిన సంగతి వేరు. ఆ నోటీసు వచ్చిననాడు తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమార్తె ఇంటనే యున్నది. ఆమెకు ఆంగ్లమును, ఇచ్చటి రాష్ట్రభాషయు చక్కగా వచ్చును. బిడ్డకు తెలిసిన పరువు పోవునని తండ్రి చూపలేదట. ఇచ్చట మన యిండ్లకు వచ్చు బ్యాంకు కాగితములు గాని కోర్టు కాగితములు గాని తెలుగున రావు. చదువరాని ఉత్తరము పుచ్చుకొనుటలో సిగ్గుపడవలసినది లేదు.

ప్రతి శనివారము బడి విడిచిన పిదప మేమును, ఇరువురు ఉపాధ్యాయులును కార్యాలయమున ఒక గంటసేపు ఉందుము. మీకు వచ్చిన కాగితమేదైనను తీసికొని రండు. చదివి తెలుగున చెప్పెదము. రిజిస్టరు ఉత్తరమైనచో శనివారము వరకు ఆగక, వచ్చిననాడే తీసికొని రండు. కవరు పారవేయవలదు, దానిపై ముద్రలోని తేదీ కావలెను.