లెక్క తెరిచి చూపమనే హక్కు

(అమలాపురంలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు మాట ఎత్తగానే అది చదువుకున్న మగవాళ్ళ వ్యవహారమని మనం పక్కకు తప్పుకుంటాం. కానీ రేషన్ కార్డు, వితంతు పింఛను, ఉపాధి కూలి అన్నీ ఇవాళ సాఫ్ట్‌వేరు గుండానే నడుస్తున్నాయి. కాబట్టి అది మంచిదో చెడ్డదో తేల్చవలసిన వాళ్ళలో మనమూ ఉన్నాం.

సాఫ్ట్‌వేరంటే యంత్రానికి రాసిచ్చిన ఆజ్ఞల వరస. మనిషి చదవగలిగే రూపంలో ఉన్న ఆ రాతనే సోర్స్ కోడ్ అంటారు. ఇన్ని లక్షల వరసలు రాశామని గొప్ప చెప్పుకునేవాళ్ళున్నారు. కొబ్బరికాయ సైజు చూసి మోసపోయే స్త్రీ కోనసీమలో ఉండదు. డొక్క ఎంత మందంగా ఉన్నా, చెవి దగ్గర ఆడించి నీళ్ళ చప్పుడు వింటాం. కోడూ అంతే. వరసలు పెరిగినకొద్దీ తప్పులు దాక్కునే చోట్లూ పెరుగుతాయి.

రెండో కొలత, ఆ రాత అందరికీ తెరిచి ఉందా అన్నది. తెలంగాణలో జరిగింది చూడండి. సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేరుతో అక్కడి ప్రభుత్వం వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, ఎవరికి కారుందో, ఎవరికి ఆస్తి ఉందో తేల్చింది. పేదవాడి పేరు కారున్న మరొకరి పేరుతో కలిసిపోయి, ఆ ఇంటికి బియ్యం ఆగిపోయిన సందర్భాలు బయటపడ్డాయి. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. సమాచార హక్కు కింద ఆ సోర్స్ కోడ్ అడిగినవారికి, అది ప్రైవేటు కంపెనీ హక్కు అని చెప్పి నిరాకరించారు. బియ్యం హక్కు కంటే కంపెనీ హక్కు పెద్దదైందన్నమాట!

మన పొదుపు సంఘంలో లెక్కల పుస్తకం ఎంత లావుందని ఎవరమూ అడగం. సమావేశంలో తెరిచి చదివారా అని అడుగుతాం. 2006లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు మొదలైనప్పుడు, మస్టర్లు చదివి వినిపిస్తే దొంగ పేర్లను పట్టుకున్నది ఊరివాళ్ళే.

తెరిచి ఉంచితే చాలునా? చాలదు. ప్రపంచమంతా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేరు సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. అయినా 2012లో విడుదలైన దానిలోని హార్ట్‌బ్లీడ్ అనే లోపం 2014 దాకా బయటపడలేదు. ఒక కొలతను సరిచూసే చిన్న తనిఖీ రాయకపోవడమే ఆ లోపం. అంటే తక్కువ రాయడం కూడా దానంతటది గొప్ప కాదు. పుస్తకం బల్ల మీద ఉంటే సరిపోదు, చదివేవాళ్ళుండాలి. కానీ మూసిన పుస్తకాన్ని ఎంత చదువుకున్నవాళ్ళయినా చదవలేరు కదా!

అందుకే మనం అడగవలసినవి ఇవి. ప్రజల డబ్బుతో చేయించిన సంక్షేమ సాఫ్ట్‌వేరు సోర్స్ కోడ్ ప్రజలకు తెరవాలి. వ్యక్తుల వివరాలు మాత్రం గోప్యంగా ఉంచాలి. సామాజిక తనిఖీ సాఫ్ట్‌వేరుకూ వర్తించాలి. పేరు తీసేసే ముందు ఇంటికి మనిషి వచ్చి చూడాలి, కారణం తెలుగులో రాసివ్వాలి. నిర్ణయానికి కారణం తెలుసుకునే హక్కు బాధితులకు 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది.

రాజోలులోనో కొత్తపేటలోనో ఒక అక్క పేరు జాబితాలో లేకపోతే, "కంప్యూటరు తీసేసిందమ్మా" అన్న జవాబుతో వెనక్కి రావద్దు. కంప్యూటరుకు ఆ పని చెప్పిన రాత ఒకటుంది. దాన్ని రాయించిన అధికారులున్నారు. ఆ రాత చూపించమని అందరం కలిసి అడుగుదాం.