పాత ప్రింటరు, కొత్త రౌటరు

పదో తరగతితో చదువాపిన దానివి, వైర్‌లెస్సు గురించి నువ్వేం చెబుతావే అని మా అత్తగారు అడగనే అడిగారు. మా ఇంట్లో జరిగిందే చెబుతాను లెండి అన్నాను.

మొన్నామధ్య కొత్త రౌటరు పెట్టించాం. ఫోన్లు, అబ్బాయి ల్యాప్‌టాప్, టీవీ అన్నీ చక్కగా అందుకున్నాయి. మా వారి పాత ప్రింటరు మాత్రం ససేమిరా అంది. ఆ ప్రింటరంటే ఆయనకు ప్రాణం. వచ్చిన కుర్రాడు ఏదో మార్చి, "కలిసిందండీ" అని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఇల్లంతా నత్తనడక! ఆ వారమే మా అమ్మాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ, ఇంట్లో కంప్యూటరు ముందు. అబ్బాయి అవతల గదిలో క్రికెట్ చూస్తున్నాడు. మాటల మధ్యలో రెండుసార్లు బొమ్మ నిలిచిపోయింది. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మా చెల్లెలి కొడుకు వచ్చి చూస్తే సంగతి తేలింది. ఆ ప్రింటరుకు టి.కె.ఐ.పి. అనే పాతకాలపు తాళం ఒక్కటే తెలుసట. దానికోసం కుర్రాడు ఇంటిమొత్తానికీ ఆ తాళమే వేశాడు. 2009లో వచ్చిన 'ఎన్' రకం నుంచీ ఒక నిబంధన ఉంది: ఆ తాళం వేస్తే కొత్త వేగాలు ఇవ్వకూడదు. దాంతో కొత్త సామానంతా 2003 నాటి 'జి' రకం వేగానికి దిగిపోయింది. అంటే సెకనుకు 54 మెగాబిట్లు. అదీ కాగితం మీది లెక్క, చేతికొచ్చేది సగం కూడా ఉండదు. అందులోనే ఇంటిల్లిపాదీ పంచుకోవాలి. పైగా ఆ తాళం గట్టిదీ కాదు, 2012 ప్రమాణాల్లో దాన్ని పక్కన పెట్టేశారు.

మరేం చేశామంటారా? ప్రింటరు వెనక తీగ పెట్టే రంధ్రం ఉంది, ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు! తీగతో రౌటరుకు కలిపి, తాళాన్ని డబ్ల్యు.పి.ఎ.2కు మార్చాం.

తాళం సరిగా ఉన్నా పాత సామానుతో ఇంకో చిక్కుంది. వీధి కొళాయి దగ్గర సన్నమూతి బిందె పెట్టినామె ఉంటే వెనకవాళ్ళంతా నిలబడాల్సిందే కదా! నిదానంగా మాట్లాడే పాత ఫోను గాలిలో అంతసేపూ చోటు పట్టుకుంటుంది. అది వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ దారిలో దాన్ని ఉండనిచ్చి, కొత్తవాటిని 5 గిగాహెర్ట్జ్ దారిలోకి పంపండి. ఈ రెండో దారికి గోడలంటే కొంచెం భయం, అందుకని రౌటరును ఇంటి మధ్యలో పెట్టండి. బీరువా వెనక దాచకండి, మా ఇంట్లో మొదట అక్కడే ఉంచాం.

పాత రౌటరు మేడమీద గదికి పనికొస్తుంది. అయితే ఒక ఇంటికి ఇద్దరు పెత్తందార్లు కూడదు. పాతదానిలో డి.హెచ్.సి.పి., అంటే చిరునామాలు పంచిపెట్టే పని, ఆపేయాలి. దాని సొంత నంబరు కొత్తదాని నంబరుతో కలవకుండా మార్చాలి. తీగను రెండింట్లోనూ ల్యాన్ రంధ్రాలకే పెట్టాలి. గట్టి తాళం వెయ్యడం రాని రౌటరైతే మాత్రం మోజు పడకండి.

మా అమ్మాయికి మళ్ళీ పిలుపొచ్చింది. ఆ గంటసేపూ మా వారు ప్రింటరు పక్కన కుర్చీ వేసుకుని, దాన్ని ఎవరూ ముట్టకుండా కాపలా కాశారు. బొమ్మ ఒక్కసారీ ఆగలేదు.